ఆదోని దూది, ఎమ్మిగనూరు మగ్గం

సీజన్ మొదలైందంటే ఆదోని మార్కెట్ యార్డులో పొద్దు పొడవకముందే పత్తి దిగుతుంది. బోరేలు విప్పి కుప్పలు పోస్తారు. కుప్పకొక లాటు నంబరు పడుతుంది. కొనేవాడు పైపైన చూసి ఊరుకోడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి నుంచి గుప్పెడు పత్తి లాగుతాడు. గింజ తీసేసి, మిగిలిన పోగును రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా సాగదీస్తాడు. పోగు ఎంత పొడుగున తెగింది, తేమ ఎంత ఉంది, దూది ఏ మాత్రం పడుతుంది అన్నవి క్షణాల్లో ఆ వేళ్లకు తెలిసిపోతాయి. రైతు మాత్రం భుజాన తువ్వాలు వేసుకుని, ఆ మనిషి మొహంలో ధర ఏమైనా కనపడుతుందేమోనని చూస్తూ కుప్ప పక్కనే నిలబడతాడు.

అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. అది మగ్గాల ఊరు. ఒక ఊళ్లో పత్తి, ఇంకో ఊళ్లో బట్ట. రెంటికీ మధ్య ఉండవలసింది నూలు. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో చిన్న వ్యాపారం ఎలా ఎదిగింది, ఎక్కడ ఆగింది అన్న ప్రశ్నకు జవాబు ఆ నూలు దగ్గరే దొరుకుతుంది. ఇక్కడి పత్తి బేళ్లు కట్టుకుని రైలెక్కి పోయేది. ఇక్కడి మగ్గానికి కావలసిన నూలు మరో రైలెక్కి వచ్చేది. పోనూ రానూ మధ్యలో మిగిలిన లాభం వేరే ఊళ్లకు చేరింది.

ఆదోనికి మొదట పేరు తెచ్చింది వ్యాపారం కాదు, కొండ మీది కోట. విజయనగర రాజుల కాలంలోనే అది గట్టి దుర్గం. 17వ శతాబ్దంలో బిజాపూరు సుల్తానుల తరఫున సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడ పాలించాడు. ఊళ్లోని జామియా మసీదు అతని కాలంలో కట్టిందే. మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామికి మంచాల గ్రామాన్ని ఇచ్చిన నవాబు ఇతడేనని భక్తులు చెప్పుకుంటారు. తర్వాత మొగలులు వచ్చారు, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు చేసుకున్నాడు, 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకున్నాడు. సైన్యం ఉన్నచోట బట్టకు, తోలుకు, ధాన్యానికి, రొక్కానికి గిరాకీ ఉంటుంది. నవాబులు పోయినా ఆ గిరాకీ చుట్టూ చేరిన నేతగాళ్లు, రంగులవాళ్లు, సాహుకార్లు ఊరు విడిచి పోలేదు. తిరిగి తన చేతికి వచ్చిన ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం కుంపిణీకి దత్తం చేసినప్పుడు దానికి దక్కింది రాజధాని హోదా పోయి, బజారు మిగిలిన ఊరు.

దత్త మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. రైతువారీ పద్ధతిలో శిస్తు నగదుగా కట్టాలి. నగదు కావాలంటే అమ్ముడయ్యే పంట వెయ్యాలి. ఇక్కడి నల్లరేగడిలో అలాంటి పంట పత్తి. తొలకరికి వేసే ముంగారి పత్తి, వెనక వానకు వేసే హింగారి పత్తి అని రైతులు రెండు రకాలుగా చెప్పుకునేవారు. రెండు మాటలూ కన్నడం నుంచి వచ్చినవే. ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే వినపడతాయి. ఒక భాషతో ఇక్కడ బేరం పూర్తి కాదు. బళ్లారి వైపు పత్తిని మద్రాసు వర్తకులు వెస్టర్న్స్ అనేవారు. అది పొట్టి పింజ. ముతక నూలుకే పనికొస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లంకాషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. ఇంగ్లండు వర్తకులు ఇండియా వైపు తిరిగారు, ఇక్కడ ధరలు ఎగిశాయి. అయితే అప్పటికింకా సరుకు వెళ్లేది ఎడ్లబండ్ల మీదే. 1865లో ఆదోనికి మున్సిపాలిటీ వచ్చింది. 1871లో మద్రాసు రైల్వే రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఆదోని ఆ దారిలోనే ఉంది. అంటే ఒక వైపు బొంబాయి, ఒక వైపు మద్రాసు, మధ్యలో పత్తి పండే ఊళ్లో స్టేషను. ఈ ఊరి అదృష్టాన్ని నవాబుల కన్నా ఎక్కువగా మార్చింది ఆ రైలే.

రైలు వచ్చిన అయిదేళ్లకే ధాత కరువు వచ్చింది. 1876-78 కరువులో అప్పటి బళ్లారి జిల్లా దాదాపు అయిదోవంతు జనాన్ని పోగొట్టుకుంది. కరువులో మొదట దెబ్బతినేది నేతగాడే. తిండి గింజల ధర పెరగ్గానే జనం బట్ట కొనడం మానేస్తారు. రైతుకు భూమైనా మిగులుతుంది. నేతగాడి దగ్గర అమ్ముడుపోని బట్ట, సాహుకారు పద్దు మాత్రమే ఉంటాయి. మట్టిపనికి పొమ్మంటే ఆ చేతులు మళ్లీ సన్నపోగు పట్టుకోలేవు. అందుకే ఆ తర్వాత రాసిన కరువు నిబంధనల్లో నేతగాళ్లకు వాళ్ల వృత్తిలోనే పని కల్పించాలన్న మాట చేరింది. చేతిపనిని దయాధర్మం లెక్కన కాక ఆర్థికంగా నిలబెట్టాలన్న ఆలోచనకు మన వైపు అది ఒక మొదలు.

1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో ఆదోని మీద నాలుగైదు వాక్యాలే ఉన్నాయి. వాటిలో తివాచీలు, పట్టు, నూలు బట్టలు, పత్తి గింజ తీసే, బేళ్లు కట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయన్న సంగతి చోటు చేసుకుంది. 1901లో జనాభా 30,416. మద్రాసుకు రైలులో 307 మైళ్లు. దేశం కాని దేశంలో అచ్చయిన పుస్తకానికి కూడా ఈ ఊరు గురించి ముందుగా చెప్పవలసింది వ్యాపారమే అయింది. కోట సంగతి ఆ తర్వాతే వచ్చింది, అదీ శిథిలమైందని.

జిన్నింగ్ ఫ్యాక్టరీ పెద్ద పరిశ్రమ అనిపించుకోదు. ఒక షెడ్డు, వరసగా రోలర్ జిన్నులు, పత్తి అందించే ఆడకూలీలు, దుమ్ము. క్వింటాలు పత్తి పోస్తే మూడోవంతు దూది వస్తుంది, మిగతాది గింజ. కానీ ఆ షెడ్డు చుట్టూ అల్లుకున్న చిన్న బతుకులే ఆదోని అసలు ఆర్థిక వ్యవస్థ. బోరేలు కుట్టేవాళ్లు, బండ్లవాళ్లు, కాటా వేసేవాళ్లు, హమాలీలు, బేళ్లకు పట్టీలు అమ్మేవాళ్లు, గింజలు కొని నూనె ఆడించేవాళ్లు, చెక్కను పశువుల దాణాకు పల్లెలకు మోసేవాళ్లు, ఆ పల్లెల రైతుకు పంట మీద అప్పిచ్చే కమీషన్ దుకాణాల వాళ్లు. తర్వాత వేరుశనగ వచ్చి కాయ వొలిచే మిల్లులు, నూనె మిల్లులు తోడయ్యాయి. రైతు పత్తి అమ్మిన డబ్బుతో అదే బజారులో బట్టలు, బంగారం కొంటాడు కాబట్టి ఆ దుకాణాలూ పెరిగాయి. ఉత్తరాది నుంచి వచ్చిన మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. ఆదోనిని రెండో ముంబై అనడం ఇలాగే మొదలై ఉంటుంది. ఆ పిలుపులో గొప్ప కొంత ఉంది, నిజమూ కొంత ఉంది.

బజారు పెరిగినంతగా రైతు పెరిగాడా? లేదనే చెప్పాలి. 1928లో వచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక మన దేశపు మార్కెట్ల తీరును వివరంగా రాసింది. దళారి, కొనుగోలుదారు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. సరుకు ఎవరిదో ఆ రైతుకు మాత్రం ఆ వేళ్లు కనపడవు. ఆ పైన కమీషను, కాటా కూలి, హమాలీ, మాదిరి కింద తీసుకునే సరుకు, ధర్మం పేరిట ఒక కోత. ఈ తీరును అదుపు చెయ్యడానికే 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. లైసెన్సు, సరైన తూకం, కమిటీలో రైతులకు చోటు, అందరి ఎదుట ధర. ఇప్పటి యార్డు, లాటు, టెండరు అన్నీ ఆ దారిలో వచ్చినవే. యార్డు వ్యవస్థ మీద ఇవాళ ఎన్ని విమర్శలైనా ఉండవచ్చు, అవి చాలావరకు న్యాయమైనవే కూడా. కానీ తువ్వాలు కింది బేరంతో పోల్చి చూస్తే అది చిన్న మార్పు కాదు.

ఇక ఎమ్మిగనూరు.

ఇక్కడి నేతలో కుర్ని కులస్థులది పెద్ద చెయ్యి. వాళ్లు కొలిచే నీలకంఠేశ్వరుడి జాతర జనవరిలో జరుగుతుంది. ఊరికి అదే పెద్ద పండుగ, పెద్ద అంగడి కూడా. మగ్గం ఇంట్లోనే, నేలలో తవ్విన గుంతలో. నేసేవాడు గుంతలో కాళ్లు దించి కూర్చుని తొక్కుళ్లు తొక్కుతాడు, కుడిచేత్తో తాడు లాగితే నాడె అటూ ఇటూ పరిగెడుతుంది. ఆడవాళ్లు, పిల్లలు రాట్నం మీద కండెలు చుడతారు. పడుగు పోసి, వీధి పొడుగునా గుంజలకు కట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. వాన వస్తే ఆ పని ఆగినట్టే. ఒక్క మనిషి నేసినట్టు కనపడే బట్ట వెనక ఇంటిల్లిపాదీ ఉంటారు. కూలి లెక్క మాత్రం మగ్గం మీద కూర్చున్న ఒక్కడిదే.

నూలు ఎవరి దగ్గర ఉంటే మగ్గం వాళ్ల చేతిలో ఉన్నట్టు. సాహుకారు నూలు అప్పుగా ఇస్తాడు, బట్టను తానే కొంటాడు. నూలుకు ధర అతను కట్టిందే, బట్టకూ ధర అతను చెప్పిందే. 1930లలో ప్రపంచమంతా ధరలు పడిపోయినప్పుడు, మిల్లు బట్ట చవకగా దొరుకుతున్నప్పుడు, ఈ పద్ధతిలో నేతగాడు అప్పు నుంచి బయటపడే దారి లేదు.

1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరు నేత కార్మికుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం పుట్టింది. ఊరి నోట అది వైడబ్ల్యూసీఎస్. అప్పటికి మద్రాసులో రాజాజీ ప్రభుత్వం ఉంది. ప్రెసిడెన్సీ మొత్తానికి చేనేత సంఘాల కేంద్ర సంస్థ 1935లోనే ఏర్పడింది. కాబట్టి ఆలోచన కొత్తది కాదు. అసలు సహకార ఉద్యమమే నేతగాళ్ల ఊళ్లలో కాలూనుకున్నది: 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో దుకాణం తెరిచిన 28 మందిలో పలువురు మగ్గం మనుషులే. తేడా ఒకటుంది. రాచ్‌డేల్ వాళ్లు కలిసి కొనుక్కున్నారు. ఎమ్మిగనూరు వాళ్లు కలిసి నూలు కొని, అద్దకం వేయించి, నేసి, కలిసి అమ్మారు. సంఘం సభ్యుడికి నూలు ఇస్తుంది, బట్ట తీసుకుని కూలి కడుతుంది. గిరాకీ పడిపోతే ఆ భయం సంఘానిది, సభ్యుడిది కాదు. మామూలు మాటల్లో చెప్పేటప్పుడు చాలా తేలికగా వినపడే ఈ ఏర్పాటు కోసమే ఎన్నో తరాల నేతగాళ్లు ఎదురుచూశారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నూలుకు కంట్రోలు పెట్టారు, కోటా ప్రకారం పంచారు. నూలు రావాలంటే సంఘంలో చేరడం మేలన్న సంగతి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా నేతగాళ్లకు అర్థమైంది, సంఘాలు పెరిగాయి. స్వాతంత్ర్యం తర్వాత 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద సుంకం వేసి, ఆ డబ్బును ఖాదీకి, చేనేతకు ఖర్చుపెట్టే చట్టం వచ్చింది. పెద్దదాని మీద పన్ను వేసి చిన్నదానికి ఆసరా ఇవ్వడమన్నది అప్పట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఎమ్మిగనూరు దుప్పట్లకు, తువ్వాళ్లకు పేరొచ్చింది ఆ రోజుల్లోనే. సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో వీవర్స్ కాలనీ ఉంది, వైడబ్ల్యూసీఎస్ మైదానం ఉంది, నడిబొడ్డున సోమప్ప సర్కిల్ ఉంది. రాజకీయ నాయకుల పేర్లతో కూడళ్లు లెక్కలేనన్ని ఉన్న రాష్ట్రంలో, నేత సంఘం పెట్టిన మనిషి పేరు మీద ఊరి ప్రధాన కూడలి ఉండడం అరుదు.

అదే 1953 మరో మార్పు తెచ్చింది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలులో కలిశాయి, రాయదుర్గం అనంతపురంలో కలిసింది, బళ్లారి మైసూరుకు పోయింది. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాతో పాటే వచ్చింది. కలెక్టరు కచేరీ మారింది, కోర్టు మారింది. బజారు మాత్రం అంత తొందరగా మారలేదు. రాయచూరు, బళ్లారి పల్లెల పత్తి ఆదోనికి వస్తూనే ఉంది. కాకపోతే మధ్యలో అమ్మకపు పన్ను సరిహద్దు, చెక్‌పోస్టు పుట్టుకొచ్చాయి. 2017లో జీఎస్టీ వచ్చి ఆ చెక్‌పోస్టులు ఎత్తేసే దాకా చిన్న వ్యాపారికి అది రోజువారీ చికాకే. విడిపోయిన మరో తాలూకా రాయదుర్గం తర్వాత జీన్స్ కుట్టే ఊరైంది, బళ్లారి జీన్స్‌కూ పేరొచ్చింది. పాత జిల్లా ముక్కలైనా గుడ్డతో దాని బంధం తెగలేదు.

మళ్లీ నూలు దగ్గరికి వద్దాం. ఆదోనిలో రాయలసీమ మిల్స్, ఆదోని కాటన్ మిల్స్, ఎమ్మిగనూరులో స్పిన్నింగ్ మిల్స్ వెలిశాయి. పత్తికీ మగ్గానికీ మధ్య ఖాళీ పూడుతుందని ఆశ కలిగింది. కానీ మిల్లు నడవాలంటే పత్తి ఒక్కటే చాలదు. కరెంటు కావాలి, ఏడాది పొడుగునా పెట్టుబడి కావాలి. కరెంటు రేట్ల మీద ఆదోని జిన్నింగ్ ఫ్యాక్టరీ విద్యుత్ బోర్డుతో సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1979 నాటి ఆ తీర్పు టారిఫ్ వ్యాజ్యాల్లో ఆ ఫ్యాక్టరీ పేరుతోనే ఉంది. ఒక చిన్న ఊరి జిన్నింగ్ మిల్లు ఢిల్లీ దాకా వెళ్లిందంటే కరెంటు బిల్లు ఎంత బరువో ఊహించుకోవచ్చు. ఇంకో చిక్కు ఇందాక చెప్పిన పొట్టి పింజ. సన్న నూలు కావలసిన మగ్గానికి ఊరి పత్తి పనికిరాదు. తర్వాత సంకర పత్తి, 2002 తర్వాత బీటీ పత్తి వచ్చి పింజ పొడుగైంది. అప్పటికి నూలు వ్యాపారం కోయంబత్తూరు వైపు స్థిరపడిపోయింది.

మరమగ్గాలు చేనేతను తిన్నాయన్నది అందరూ చెప్పే కారణమే. 1985లో కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం చేశారు, అమలు అంతంతమాత్రం. దానికన్నా లోపలి కారణం ఇంకొకటుంది. 1976లో రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో ఏర్పడ్డాక సంఘాలు సర్కారు కొనుగోళ్లకు, పండుగ రిబేట్లకు అలవాటు పడ్డాయి. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, అతను డబ్బు ఆలస్యం చేస్తే సంఘం నూలు కొనలేదు. నూలు లేకపోతే సభ్యుడు పాత సాహుకారు గుమ్మమే ఎక్కుతాడు. 1938లో ఏ ముడి విప్పారో అదే ముడి మళ్లీ పడింది. తొలినాళ్ల సంఘం తన బజారును తానే వెతుక్కుంది, తర్వాతి సంఘాలు ఆ పనిని వదిలేశాయి. ప్రభుత్వ సాయం తప్పని కాదు, సాయం మాత్రమే మిగలడం తప్పు. 2019-20 చేనేత గణన నాటికి దేశం మొత్తం మీద ఈ పనిలో ఉన్నవాళ్లు 35 లక్షల పైచిలుకు. పదేళ్ల కిందటి లెక్కలో 43 లక్షలు.

ఆదోనికి అంత దెబ్బ తగలలేదు. కారణం, అది ఏ ఒక్క వస్తువునూ నమ్ముకోలేదు. వేరుశనగ పోతే పత్తి, పత్తి ధర పడితే ఆముదాలు, సీజన్ ముగిస్తే బంగారం, బట్టలు. పత్తి ధర మద్దతు ధర కన్నా దిగితే 1970లో పుట్టిన భారత పత్తి సంస్థ కొనుగోలుకు దిగుతుంది. 2011 లెక్కల్లో ఆదోని జనాభా 1.66 లక్షలు, ఎమ్మిగనూరు 95 వేలు. జిల్లా నుంచి నంద్యాల విడిపోయాక, 2022 నుంచి, కర్నూలు జిల్లాకు ఈ పడమటి ఊళ్ల బజారే పెద్ద దిక్కు.

ఆ బజారు పక్కనే ఇంకో నిజం ఉంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు మండలాల పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి వలస పోతాయి. ఇళ్లకు తాళాలేసి, పిల్లలను బడి మాన్పించి, గుంటూరు మిర్చి కోతలకు, పత్తి తీతకు. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాం దిగువ కాలువ ఈ ప్రాంతం మీదుగానే వెళుతుంది. నీళ్లందిన ఊళ్లలో వరి పండింది, అందని ఊళ్లు వానను నమ్ముకునే ఉన్నాయి. కోట్ల రూపాయల పత్తి చేతులు మారే యార్డుకు కూతవేటు దూరంలో ఉన్నవాళ్లు మరొకరి పత్తి తీయడానికి మూడు జిల్లాలు దాటి వెళ్లడం, వ్యాపారం ఎంత పెద్దదైనా పని పుట్టించడంలో ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది. యార్డు చేతులు మారుస్తుంది. పని ఏడాది పొడుగునా ఉండాలంటే దూదిని నూలు చెయ్యాలి, నూలును గుడ్డ చెయ్యాలి, గుడ్డను కుట్టాలి.

ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో జౌళి పార్కు వస్తుందన్న మాట కొన్నేళ్లుగా నడుస్తోంది. వస్తే మంచిదే. అయితే అక్కడి స్థలం రెండు మూడు పెద్ద కంపెనీలకు పంచిపెట్టే ముందు ప్రభుత్వం మూడు పనులు చెయ్యాలి. పది మగ్గాల వాడికీ అందుబాటులో ఉండే నూలు డిపో, అద్దకం షెడ్డు పెట్టాలి. చిన్న జిన్నింగ్, స్పిన్నింగ్ యూనిట్లకు కరెంటు రేటు కొన్నేళ్ల పాటు మారకుండా చూడాలి. సుగ్గికి వెళ్లే పల్లెల ఆడవాళ్లకు కుట్టుపనిలో మొదటి చోటు ఇవ్వాలి. ఇవి లేకుండా కట్టే పార్కు వల్ల ఆదోని రైతుకు గానీ, ఎమ్మిగనూరు నేతగాడికి గానీ ఒరిగేది ఏమీ ఉండదు.